గెలుపు ఉత్తుత్తిదే, పడటం మాత్రం నిజం

2023 సెప్టెంబర్‌లో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ జాన్ సీనా వచ్చి వెళ్లాక హైదరాబాద్‌లో చాలా ఇళ్లల్లో పరుపులే రింగులైపోయాయి. ఎవరు గెలవాలో ముందే రాసుకునే ఆట కదా, దెబ్బలు తగలవులే అని పెద్దవాళ్లూ చూసీచూడనట్టు వదిలేస్తారు. టీవీలో కనిపించే అలాంటి రెజ్లింగ్ షో కోసం పిల్లలకి నిజంగానే ట్రైనింగ్ ఇచ్చి రింగెక్కిస్తే సంగతి ఇంకా ముదురుతుంది.

1.2 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పెద్దవాళ్ల ఛాతీ దగ్గర నుంచి పిల్లాణ్ని వదిలితే, కింద తాకేసరికి వేగం గంటకు 17 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగం 10 సెంటీమీటర్లలో ఆగితే ఒంటి మీద సగటున 12 జీల బలం, అంటే ఒంటి బరువుకి 12 రెట్లు, పడుతుంది, ఒక్క సెంటీమీటర్‌లో ఆగితే 120. రింగులో కాన్వాస్, దాని కింద పల్చటి ఫోమ్, చెక్క పలకలు, ఇనుప దూలాలు అన్నీ కలిసి కాస్త వంగి ఆ దూరాన్ని పెంచుతాయి. కానీ 100 కిలోల మనిషి పడితే వంగినంతగా 25 కిలోల పిల్లాడు పడితే వంగవు, కాబట్టి వాడికి అదే రింగు ఇంకా గట్టిగా తగులుతుంది. ఇంట్లో టైల్స్ మీద పరిచిన పరుపు సంగతి చెప్పక్కర్లేదు.

ఇక మెడ. చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, దాన్ని మోసే కండరాలేమో బలహీనం. తల వంచినప్పుడు పెద్దవాళ్లలో ఎక్కువ కదలిక ఐదు, ఆరు వెన్నుపూసల దగ్గర ఉంటే పిల్లల్లో రెండు, మూడింటి దగ్గరే ఉంటుంది. ఊపిరి ఆడించే నరం బయల్దేరేది ఆ చుట్టుపక్కలే. పైగా వాళ్ల లిగమెంట్లు బాగా సాగుతాయి కాబట్టి ఎముక విరక్కుండానే, ఎక్స్‌రేలో అంతా బాగున్నట్టు కనిపిస్తూనే, లోపల వెన్నుపాము దెబ్బతినొచ్చు. దీన్ని డాక్టర్లు 1982 నుంచి సివోరా అంటున్నారు. ఎనిమిది, తొమ్మిదేళ్లు వస్తే గానీ మెడ పెద్దవాళ్ల తీరుకు రాదు.

రెజ్లర్లు మొదట నేర్చుకునేది పడటమే, దాన్ని బంప్ అంటారు: గడ్డం ఛాతీకి ఆనించి, అరచేతులతో చాపను చరుస్తూ, వీపు పైభాగమంతా ఒకేసారి తాకేలా. అలిసిపోయిన పిల్లాడు ఆ గడ్డాన్ని వదిలేస్తాడు, తల వెనక్కి కొట్టుకుంటుంది. ఎత్తి పడేసే పట్టుల్లో అయితే పడేవాడి మెడ ఎత్తినవాడి చేతుల్లోనే ఉంటుంది, ఆ ఎత్తినవాడికీ పదేళ్లేనాయె! పాతబస్తీ తాలీంలో, అంటే కుస్తీ అఖాడాలో, తవ్వి గుల్ల చేసిన మట్టి మీద, జోడీ చూసి కుస్తీ నేర్పే ఉస్తాద్ పని వేరు, దీన్ని దాంతో కలపకండి.

తలకి దెబ్బ తగిలాక కళ్లు తిరుగుతున్నాయని పిల్లలు చెప్పరు, ఆట ఆపేస్తారని భయం. వాంతులు, మగత, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం కనిపిస్తే హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సిందే.

బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్ల లోపు పిల్లల్ని సినిమాలు, టీవీ, ఇతర వినోద, క్రీడా కార్యక్రమాలకి షరతులతో అనుమతించి, సర్కస్‌కి మాత్రం వద్దంది. నన్నడిగితే పిల్లల్ని రింగులో ఎత్తి పడేసే షో సర్కస్‌కే దగ్గర. అది ఎటూ తేలకపోయినా, పిల్లలతో ఏ కమర్షియల్ ఈవెంట్ చేయాలన్నా కలెక్టర్ అనుమతి ముందే తీసుకోవాలి. మీ ఏరియాలో అలాంటి పోస్టర్ కనిపిస్తే టికెట్ రేటు కంటే ముందు ఆ కాగితం అడగండి.