నానబెట్టి పడుకుంటే సగం పని అయినట్టే

ఉగాదికి వారం ముందు మా ఇంట్లో రెండు చింతపండు డబ్బాలు కిందికి దిగుతాయి. ఒకదాంట్లో కొత్త చింతపండు, పచ్చడికి. రెండోదాంట్లో నిరుటిది, నల్లబడి గట్టిపడినది. అది ఇత్తడి బిందెకి, కుందులకి, పూజ సామానుకి. ఆ వెంటే బూజుకర్ర వస్తుంది, అటక ఖాళీ అవుతుంది, పరుపులు మేడ మీదికి ఎక్కుతాయి. ఇప్పుడు వీటికి తోడు రంగురంగుల సీసాలు కూడా చేరాయి. నేలకొకటి, అద్దాలకొకటి, స్టవ్వుకొకటి, బాత్రూమ్‌కి రెండు. మూత తీస్తే చాలావాటిలో నిమ్మకాయ వాసనే.

ఈ సీసాలు అసలు అమ్మేది ఏమిటో అర్థం కావాలంటే ఒక చక్రం గురించి చెప్పుకోవాలి. జర్మనీలోని హెంకెల్ కంపెనీలో కెమికల్ ఇంజనీరుగా ఉన్న హెర్బర్ట్ సిన్నర్ 1959లో దాన్ని గీశాడు. ఏ మురికి వదలాలన్నా నాలుగు కలవాలి: రసాయనం, వేడి, రుద్దుడు, సమయం. వీటిలో ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి ఆ మేరకు పెరగాలి. ‘రుద్దక్కర్లేదు, రెండే నిమిషాలు’ అని సీసా మీద రాశారంటే, ఆ రెండింటి బరువూ లోపలి రసాయనం మోస్తోందన్నమాట. దాన్ని తగ్గించాలంటే మన దగ్గరున్న చవకైన ముక్క సమయం. అంటే నానబెట్టడం.

వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీది జిడ్డునే తీసుకోండి. మూకుట్లో పోసినప్పుడు జారిపోయే నూనె ఆ రెక్కల మీద బంకలా ఎందుకు పట్టుకుంటుంది? పొద్దుతిరుగుడు లాంటి నూనెల్లోని అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. అది ఇక నూనె కాదు, ఒకరకం వార్నిష్. మామూలు సబ్బు దాని మీద జారిపోతుంది. బకెట్ వేడి నీళ్లలో గుప్పెడు వాషింగ్ సోడా వేసి స్టీలు రెక్కల్ని రాత్రంతా ముంచి ఉంచితే, ఆ క్షారం జిడ్డులో కొంత భాగాన్ని అక్కడికక్కడే సబ్బుగా మార్చేస్తుంది. మిగతాది మెత్తబడుతుంది. పొద్దున పాత గుడ్డతో లాగితే పొరలుగా ఊడి వస్తుంది. చేతులకు గ్లవ్స్ మాత్రం వేసుకోవాలి. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి బూడిదతో గిన్నెలు తోమినప్పుడు జరిగిందీ ఇలాంటిదే. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది వాషింగ్ సోడాకి దగ్గరి చుట్టం. అయితే సిల్వర్ గిన్నె అని మనం పిలిచే అల్యూమినియం గిన్నెను సోడాలో ముంచకండి, నల్లబడుతుంది. చాలా చిమ్నీల జాలీలు కూడా అల్యూమినియంవే. ముంచేముందు ఒకసారి చూసుకోండి.

కుళాయిల మీద బోరు నీళ్లు వదిలిన తెల్లటి పొరలది వేరే కథ. అది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. దానికి క్షారంతో పనిలేదు, పులుపు కావాలి. వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో తడిపిన గుడ్డను కుళాయికి చుట్టి గంట వదిలేస్తే సన్నగా బుడగలొచ్చి పొర కరిగిపోతుంది. ఇంటర్నెట్‌లో ఇదే వెనిగర్‌తో నేల తుడవమని కూడా చెబుతుంటారు. అది మన ఇళ్లను చూసి ఇచ్చిన సలహా కాదు. కడప బండ, తాండూరు నాపరాయి, షాబాదు బండ అన్నీ సున్నపురాళ్లే, అంటే అవీ కాల్షియం కార్బొనేటే. కుళాయి మీది పొరను కరిగించిన పులుపు నేలను మాత్రం ఎందుకు వదులుతుంది? నిగనిగలాడే బండ మచ్చలుపడి గరుకెక్కుతుంది. పాలరాయిదీ అదే గతి. వీటికి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు చాలు.

వెనిగర్, వంటసోడా కలిపితే బుసబుస పొంగే వీడియోలు కూడా చూసే ఉంటారు. చూడటానికి బాగుంటుంది. కానీ ఆ పొంగులో ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చివరికి మిగిలేది దాదాపుగా ఒక ఉప్పు కలిసిన నీళ్లు. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి, కలిపితే దండగ.

దండగైతే పోనీ అనుకోవచ్చు. కొన్ని కలయికలు ప్రాణం మీదికి తెస్తాయి. ఒక ఏడాది మా బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోటే, బాగా తెల్లబడుతుందని యాసిడ్ పోశాం. ఘాటు వాసన, కళ్లమంట, ఆగని దగ్గు. తలుపు తీసి బయటికి పరుగెత్తాం. అక్కడ పుట్టింది క్లోరిన్ వాయువు. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం యుద్ధంలో వదిలింది ఇదే. ఈ రెండింటినీ ఒకేరోజు ఒకేచోట వాడకండి.

ఇక నురగ. నురగ ఎక్కువుంటే బాగా తోముతోందని మనకో నమ్మకం. నిజానికి మురికి వదలడానికి నురగతో పెద్దగా పనిలేదు, అందుకే కొన్ని వాషింగ్ మెషీన్ పౌడర్లను నురగ తక్కువొచ్చేలా తయారుచేస్తారు. 1950లలో యూరప్, అమెరికా నదుల మీద డిటర్జెంట్ నురగ గుట్టలుగా తేలింది. అప్పటి డిటర్జెంట్ అణువులు కొమ్మలు కొమ్మలుగా ఉండేవి, బాక్టీరియా వాటిని కొరకలేకపోయింది. 1960ల మధ్యకి కంపెనీలు తిన్నని గొలుసులున్న అణువులకు మారాయి. ఇవి కుళ్లిపోతాయి, నిజమే. కానీ అందుకు ఆక్సిజన్ కావాలి, వ్యవధి కావాలి. శుద్ధి చేయని మురుగు ఊపిరాడని చెరువులోకి నేరుగా వెళితే బాక్టీరియాకు రెండూ దొరకవు. బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరింది, 2015లో ఆ నురగకు నిప్పు కూడా అంటుకుంది. సీసా మీద ‘బయోడిగ్రేడబుల్’ అనే మాట చూసినప్పుడు నాకు ఆ చెరువే గుర్తొస్తుంది.

కుంకుడుకాయ వాడితే సరిపోతుంది కదా అంటారు. పట్టుచీరలకు, నగలకు దాన్ని మించింది లేదు. అందులోని సపోనిన్ అణువు ఒక కొసతో జిడ్డును పట్టుకుంటుంది, రెండో కొసతో నీటిని. గింజలు తీసి రాత్రి నానబెడితే పొద్దుటికి రసం సిద్ధం. కానీ సపోనిన్లు చేపల మొప్పలకు విషం. పూర్వం మడుగుల్లో ఇలాంటి కాయలూ ఆకులూ దంచి కలిపి చేపలు పట్టేవారు. చెట్టున కాసిందని గంపలకొద్దీ చెరువులోకి వదలకూడదు.

మళ్లీ చింతపండు దగ్గరికి. అందులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది నల్లటి చిలుమును కరిగిస్తుంది, కాస్త ఉప్పు చేరిస్తే ఇంకా త్వరగా. నానబెట్టడం మీద ఇంత నమ్మకం ఉన్నవాణ్ణి కాబట్టి నిరుడు మా నాయనమ్మ చెంబును రాత్రంతా చింతపండు నీళ్లలో వదిలేశాను. పొద్దుటికి అది గులాబీ రంగుకు తిరిగింది. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. చిలుము పోయాక పులుపు పైపొరలోని జింకును కూడా లాగేసింది, రాగి మిగిలింది. అమ్మ ఏమీ అనలేదు, ఇసకపొడి తెచ్చి ముందు పెట్టింది. పసుపు రంగు తేలేదాకా అరగంట రుద్దాను.