హంద్రీలో నురగ కనబడుతుంది, కనబడనిదాని సంగతి?

కర్నూల్లో హంద్రీ బ్రిడ్జి మీద నిలబడి కిందికి చూస్తే రాళ్ల సందుల్లో ఒక్కోసారి తెల్లగా నురగ పేరుకుని ఉంటుంది, అది చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది, ఎందుకంటే ఆ నీళ్లు ఊరు దాటకుండానే తుంగభద్రలో కలుస్తాయి. కానీ ఈమధ్య నురగ కంటే నురగ రాని వాటి గురించే టెన్షన్ ఎక్కువైంది.

సబ్బుల స్థానంలో డిటర్జెంట్ పొడులు వచ్చిన 1950ల్లో, వాటిలో వాడిన ఏబీఎస్ అనే రసాయనాన్ని బ్యాక్టీరియా సరిగా తినలేకపోయేది. జర్మనీ, అమెరికా నదుల మీద నురగ గుట్టలు లేచాయి. జర్మనీ 1961లో చట్టం తెచ్చింది, 1965 నాటికి అమెరికా కంపెనీలు తొందరగా విరిగిపోయే ఎల్ఏఎస్‌కి మారాయి.

మనం ఇప్పటికీ నమ్ముకున్నది ఇలాంటి డిటర్జెంట్లను పట్టే పరీక్షనే. గాజు గరాటులో శాంపిల్ పోసి, మిథిలీన్ బ్లూ, క్లోరోఫాం కలిపి బాగా కుదిపి వదిలేస్తే, డిటర్జెంట్ ఉన్నకొద్దీ నీలం రంగు అడుగున చేరిన క్లోరోఫాంలోకి దిగుతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో దీనికి పెట్టిన హద్దు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు.

పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు మాత్రం ఈ లెక్కకు అందవు, నురగ రానివి అన్నది వీటి గురించే. ఇవీ సబ్బు జాతివే, కాకపోతే కార్బన్‌కి ఫ్లోరిన్ గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి ఏ సూక్ష్మజీవీ వాటిని పూర్తిగా విరగ్గొట్టలేదు. పీఎఫ్ఓఏని టెఫ్లాన్ తయారీలో, పీఎఫ్ఓఎస్‌ని మంటలార్పే నురగలో వాడారు. పీఎఫ్ఓఎస్ తయారీ ఆపేస్తామని అమెరికా కంపెనీ త్రీఎం ప్రకటించింది 2000లో, ఇలా విరగకుండా మిగిలిపోయే విషాలను కట్టడి చేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందంలోకి అది 2009లో, పీఎఫ్ఓఏ 2019లో ఎక్కాయి. ఈ రెంటికీ 2024లో అమెరికా తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు చెరి 4 నానోగ్రాములు (మిల్లీగ్రాములో పది లక్షో వంతు ఒక నానోగ్రాము). సీమలో నీళ్లను టీఎంసీల్లో లెక్కేస్తాం కదా, ఒక టీఎంసీలో 113 గ్రాములు కలిస్తే చాలు, ఆ హద్దు వచ్చేసినట్టే!

వీటిని ఇంత తక్కువలో పట్టాలంటే శాంపిల్‌ని కార్ట్రిడ్జ్ గుండా పంపి చిక్కబరిచి, రసాయనాలను విడదీసి బరువును బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్ మిషన్‌లో పెట్టాలి. టెఫ్లాన్ టేప్ చుట్టిన కుళాయి కింద సీసా పట్టినా ఫలితం మీద అనుమానం వస్తుంది, అంత సున్నితం.

నన్ను ఎక్కువ భయపెట్టేది మురుగు శుద్ధి ప్లాంట్ల సంగతి. గాలి కొట్టే తొట్టిలో ఎల్ఏఎస్ చాలావరకు పోతుంది, కానీ పీఎఫ్ఓఏగా మారే ముడి రసాయనాలు అక్కడే మారిపోతాయి కాబట్టి, లోపలికి వచ్చినదాని కంటే బయటికి పోయే నీళ్లలో అది ఎక్కువ తేలిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అందుకే హంద్రీ కలిసే చోటుకి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, శుద్ధి చేసి వదిలే గొట్టం దగ్గర ఒకటి, కనీసం మూడు సీసాల నీళ్లు ఆ మిషన్ ఉన్న ల్యాబ్‌కి వెళ్లాలి.