ధర లేని రోజున సున్నా రాయొచ్చా?

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డు పత్తి ధరల సగటు తీసే ప్రోగ్రామ్ రాస్తున్నామనుకుందాం. మూడు రోజుల మోడల్ ధరలు (ఆ రోజు ఎక్కువ సరుకు పలికిన ధర) క్వింటాలుకు 7,000, 7,100, 7,200 రూపాయలు. నాలుగో రోజు గడి ఖాళీ. ఆ ఖాళీని సున్నా అనుకుంటే సగటు 5,325, వదిలేస్తే 7,100. రెండింట్లోనూ ఎర్రర్ రాదు. ఆ అంకె చూసి పత్తి అమ్మాలా ఆపాలా అని రైతు తేల్చుకుంటాడు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

లేని విలువకు −1, 9999 లాంటి గుర్తు అంకెలు వేయడం పాత అలవాటు. పైథాన్‌లో ఇంకా కనిపిస్తుంది: వెతికిన మాట దొరక్కపోతే ‘ఫైండ్’ −1 ఇస్తుంది. అక్కడ −1వ స్థానమంటే చివరి అక్షరం, అందుకే తప్పు చప్పుడు లేకుండా ముందుకు పోతుంది. అలాగే వెతికే ‘ఇండెక్స్’ అయితే వాల్యూఎర్రర్‌తో అక్కడే ఆపేస్తుంది.

1965లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ ఆల్గాల్ డబ్ల్యూ భాషలో నల్ రెఫరెన్స్ (దేన్నీ చూపని ఖాళీ సూచిక) పెట్టారు, అమలు తేలిక కాబట్టి. 2009లో ఆయనే దాన్ని బిలియన్ డాలర్ల పొరపాటన్నారు. ఏ రెఫరెన్స్ ఖాళీగా ఉండొచ్చో దాని టైపును (అది ఏ రకం విలువో చెప్పేది) చూస్తే తెలియకపోవడమే అసలు చిక్కు.

డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లోని నల్‌ది ఇంకో తంటా. నల్‌ను నల్‌తో పోలిస్తే నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ‘నాట్ ఇన్’తో జాబితాలో లేనివాటిని అడిగితే, ఆ జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఒక్క వరుసా రాదు. కంప్యూటర్ దశాంశ లెక్కలకు 1985లో వచ్చిన ఐ ట్రిపుల్ ఈ 754 ప్రమాణంలోని ‘నాన్’ (అంకె కానిది) తనకు తానే సమానం కాదు. దాన్ని పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై సగటులోకి రానిస్తుంది, జవాబూ నాన్ అవుతుంది. పట్టికల లైబ్రరీ పాండాస్ అడగకుండానే వదిలేస్తుంది.

జావా 8లో ఆప్షనల్ అనే టైపు, స్విఫ్ట్ భాష 2014లో వచ్చాయి, రస్ట్ భాష 1.0 మరుసటి ఏడాది. ‘లేకపోవచ్చు’ అన్న సంగతి వీటిలో ఆప్షన్ లాంటి టైపులోనే ఉంటుంది. అయినా రస్ట్‌లో ‘అన్‌ర్యాప్’ (విలువ ఉందనుకుని బయటికి తీయడం) రాస్తే ఖాళీ దగ్గర ప్రోగ్రామ్ కూలుతుంది. నిర్ణయం మనదే.

యార్డు సెలవైతే ధర లేకపోవడం మామూలే, ఆప్షన్ చాలు. అదే రోజు సరుకు రాకకు సున్నా రాయొచ్చు, అది నిజం కూడా. ధరకు మాత్రం రాయకూడదు. రాక నమోదై ధర లేకపోతే ఆ వరుసను పక్కన పెట్టి, నమోదు చేసినవారికి తిప్పి పంపాలి. సరుకు కోడ్ పట్టికలోనే లేకపోతే ఫైలు చదివేటప్పుడే ఆపాలి, తేదీ, సరుకు, వరుస సంఖ్య ఎర్రర్‌లో కనబడాలి.