బన్ను తీసేసి జొన్నరొట్టె పెడితే బర్గర్ తేలికవుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

"మేడం, పిల్లలు బర్గర్ తెస్తరు, నేనూ తింటా. బన్ను వారేసి జొన్నరొట్టెల పెట్టుకుంటే బరువు తగ్గుతగద?" మహబూబ్‌నగర్‌లో డైటీషియన్‌గా నేను తరచూ వినే ప్రశ్న ఇది.

అపోహ: జొన్నరొట్టెలో క్యాలరీలు తక్కువ.

వాస్తవం: పాలమూరులో ఉంటూ జొన్నరొట్టెను తక్కువ చేసి మాట్లాడే ధైర్యం నాకు లేదు. కానీ తూకం మొహమాటపడదు కదా. మొన్న ఒకాయన భార్యను ఒక్కో రొట్టెకు తీసుకునేంత పిండి నా తూకం మీద పొయ్యమన్నాను. 70 గ్రాములు తూగింది. వంద గ్రాముల జొన్నపిండిలో సుమారు 330 క్యాలరీలు, గోధుమపిండిలోనూ దగ్గరదగ్గర అంతే. అంటే ఆ ఒక్క రొట్టెకే 230. మామూలు బర్గర్ బన్ను 50-60 గ్రాములుంటుంది, క్యాలరీలు 150 చుట్టుపక్కల. ఆయన కాసేపు రొట్టెపిండి వంకే చూస్తూ కూర్చున్నాడు.

అలాగని రొట్టె వద్దనను. మైదా బన్నులో లేని పీచు అందులో ఉంది, కడుపు నిండుగా ఉంటుంది. 30 గ్రాముల పిండితో చిన్నగా, పల్చగా తట్టండి, వంద క్యాలరీలతో సరిపోతుంది. పెనం మీంచి తీసిన వెంటనే మడవాలి. పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే ప్రొటీన్ జొన్నలో ఉండదు కాబట్టి చల్లారితే విరిగిపోయి టిక్కీ ఒళ్లో పడుతుంది.

అపోహ: బ్రౌన్ బన్ను తినొచ్చు, ఏం కాదు.

వాస్తవం: క్యాలరీల్లో తెల్లదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ప్యాకెట్ వెనక చూడండి. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం. మొదటి పేరు మైదా అయితే, ఆ గోధుమరంగు చాలాసార్లు కారమెల్‌ది, అంటే మాడ్చిన చక్కెర రంగు.

అపోహ: బన్ను బదులు ఆకులో చుట్టుకోవడం పెద్ద ఊళ్లవాళ్ల పని.

వాస్తవం: లెట్యూస్ దొరక్కపోతే క్యాబేజీ లేదా? పైన పెద్దాకులు రెండు విడదీసి, మరిగే నీళ్లలో నిమిషం ముంచి, మధ్యలో మందంగా ఉన్న ఈనె చెక్కేయండి. గుడ్డమీద తడి ఆరనిచ్చి చుడితే ఎటూ జారదు. రెండాకులకూ కలిపి ఇరవై క్యాలరీలు కూడా రావు. నా దృష్టిలో నిజంగా తక్కువ క్యాలరీల బన్ను ఇదే. పెసరట్టు కూడా బాగుంటుంది గానీ, అది ప్రొటీన్ కోసం, క్యాలరీలు తగ్గడానికి కాదు.

అపోహ: దోషమంతా బన్నుదే.

వాస్తవం: ఒక పెద్ద చెంచా మయోనీజ్‌లో 90-100 క్యాలరీలు. రెండు చెంచాలు పూస్తే బన్నును మించిపోయింది. 2024 అక్టోబరు చివర్లో మన రాష్ట్రం పచ్చిగుడ్ల మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పుడు, గుడ్డు లేనిది కాబట్టి తేలికే అనుకుని దానికి మారినవాళ్లున్నారు. గుడ్డు పోయింది గానీ నూనె అక్కడే ఉంది! గుడ్డలో కట్టి నీళ్లు వార్చిన గట్టి పెరుగులో వెల్లుల్లి, మిరియాలపొడి, ఉప్పు కలిపి చూడండి. టిక్కీని నూనెలో గోలించకుండా పెనం మీద కాల్చండి. అప్పుడు పైసగం తీసేసి కింది సగం బన్నుతో తిన్నా నాకు అభ్యంతరం లేదు.

ఒక్క మాట. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా పూటభోజనాన్ని ఒట్టి ఆకులోకి మార్చకండి. మందు అంతే ఉండి పిండిపదార్థం తగ్గితే షుగర్ పడిపోవచ్చు. చెమటలు పట్టి చేతులు వణికితే ముందు చక్కెర నీళ్లు తాగండి.