జీఎన్ఎమ్మా, బీఎస్సీ నర్సింగా? అపోహలు - వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నా ఫోన్ ఊరుకోదు. "సిస్టర్, మా పాపకు బీఎస్సీ నర్సింగ్ చేపిస్తే నౌకరి పక్కానే కదా?" అని పరకాల నుంచి, నర్సంపేట నుంచి అడుగుతుంటారు. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూకి ఇన్‌ఛార్జిని. కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసేది నేనే. జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చేసి, కొన్నేళ్లు పనిచేశాక పోస్ట్ బేసిక్ (జీఎన్ఎం వాళ్లు తర్వాత చేసే బీఎస్సీ) చదివాను కాబట్టి రెండు వైపులా ఏముందో తెలుసు.

అపోహ: బీఎస్సీ లేకపోతే పెద్దాసుపత్రిలో తీసుకోరు.

మూడేళ్ల జీఎన్ఎం చదివినా, నాలుగేళ్ల బీఎస్సీ చదివినా నర్సింగ్ కౌన్సిల్‌లో అయ్యేది ఆర్ఎన్ఆర్ఎం (రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) రిజిస్ట్రేషనే. డ్యూటీ ఒకటే, నైట్లు ఒకటే. మా దగ్గర చేరేటప్పుడు జీతంలో వెయ్యి, రెండు వేలు తేడా ఉంటుంది, అంతే. ఇంటర్వ్యూలో నేను అడిగేది వేరు. "నారడ్రినలిన్ (బీపీ పెంచే మందు) 4 మిల్లీగ్రాములు 50 ఎంఎల్‌లో కలిపి, పంపులో గంటకు 5 ఎంఎల్ పెట్టావు. పేషెంటుకు నిమిషానికి ఎంత పోతోంది?" దాదాపు 6.7 మైక్రోగ్రాములు. లెక్క కట్టి చెప్పిన పిల్లను ఏ కోర్సు చేశావని అడగడం చాలాసార్లు మర్చిపోతాను. బీఎస్సీలో ఫస్ట్ క్లాస్ వచ్చి ఇక్కడ తడబడినవాళ్లూ ఉన్నారు, జీఎన్ఎం చేసి కాగితం కూడా అడగకుండా చెప్పినవాళ్లూ ఉన్నారు.

అపోహ: గవర్నమెంట్ పోస్టుల్లో డిగ్రీకి మార్కులు కలుస్తాయి.

కలవవు. 2024లో రాష్ట్ర వైద్య నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు జీఎన్ఎం వాళ్లూ, బీఎస్సీ వాళ్లూ అర్హులే. రాతపరీక్షకు 80, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు 20. ఆ సర్వీసు గిరిజన ప్రాంతంలో చేసి ఉంటే పాయింట్లు ఇంకా త్వరగా పెరుగుతాయి. అందుకే ఏటూరునాగారం వైపు కాంట్రాక్టు పోస్టు పడితే "అంత దూరమా" అనకండి.

తేడా కనిపించేది ఎయిమ్స్ నార్‌సెట్ (ఎయిమ్స్ నర్సు పోస్టుల పరీక్ష) దగ్గర. బీఎస్సీ వాళ్లు చదువు, రిజిస్ట్రేషన్ కాగానే రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. బీబీనగర్‌లోనే ఎయిమ్స్ ఉంది, బేసిక్ జీతం నెలకు 44,900 రూపాయలు. ఆ రెండేళ్ల కోసమైనా చిన్న క్లినిక్‌లో ఇరుక్కోకుండా పెద్ద ఆసుపత్రిలో చేరడం మంచిది. చేరిన రోజు నుంచే జాయినింగ్ లెటర్, జీతం స్లిప్పులు దాచుకోవాలి.

అపోహ: మరి డిగ్రీతో ఏం పని? అనుభవం ఉంటే చాలు.

ఇది నన్ను ముంచిన అపోహ. ఐదేళ్లు ఐసీయూలో చేశాక ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ పోస్టుకు వెళ్తే, సర్టిఫికెట్ చూసి రెండు నిమిషాల్లో పంపేశారు. అప్పుడు కోపం వచ్చింది కానీ రూల్ అదే. పాఠం చెప్పాలంటే డిగ్రీ ఉండాలి, పైకి వెళ్లాలంటే ఎంఎస్సీ ఉండాలి. సౌదీ ఆరోగ్యశాఖ ఆసుపత్రుల ప్రకటనల్లో కూడా ఎక్కువగా బీఎస్సీయే అడుగుతారు. జగిత్యాల, కరీంనగర్ వైపు గల్ఫ్ ఆలోచన ఉన్న ఇళ్లలో ఇది ముందే లెక్క వేసుకోవాలి. అప్పు చేసి బీఎస్సీ చేయించలేని ఇల్లయితే జీఎన్ఎం చేసి, సంపాదించుకుంటూ, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ చదవొచ్చు. నేను చేసింది అదే. ఆలస్యమవుతుంది, నిజమే.

అపోహ: ఆరు నెలల నర్సింగ్ కోర్సు చేసినా నర్సే.

కాదు. దానికి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు. రెండేళ్ల ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రిజిస్టర్ అయ్యే కోర్సే కానీ, స్టాఫ్ నర్సు పోస్టుకు సరిపోదు.

కోర్సు కంటే ముందు కాలేజీని చూడండి. పిల్లలను క్లినికల్ పోస్టింగ్‌కు ఏ ఆసుపత్రికి పంపుతారో కనుక్కోండి. ఫీజు కట్టేముందు అక్కడి ఫైనలియర్ అమ్మాయిని పక్కకు పిలిచి, "బిడ్డా, నీ కేస్ బుక్‌లో రాసిన కాన్పుల్లో నువ్వు నిజంగా చేసినవి ఎన్ని?" అని అడగండి.