వాడని హైస్పీడ్ లేన్లు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఉండి సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేస్తుంటాను. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పలకల మీద పగుళ్లు, మచ్చలు పట్టే కెమెరా సిస్టమ్‌లు కూడా అందులో ఉన్నాయి. ఎవరైనా స్కీమాటిక్ (సర్క్యూట్ గీసిన చిత్రం) చూడమని పంపితే నేను ముందు తెరిచేది వాడని లేన్ల పేజీనే. లేన్ అంటే చిప్‌ల మధ్య వేగంగా డేటా పంపే ఒక తీగల జత, తీసుకునే ఇంకో జత. వాడే లేన్ల మీద అందరూ ప్రాణం పెడతారు. వాడని వాటికి మాత్రం బోర్డు తయారీకి గెర్బర్ ఫైళ్లు పంపే ముందు రోజు రాత్రి ఏదో ఒకటి తగిలించేస్తారు.

అపోహ: వాడని ట్రాన్స్‌మిట్ (పంపే) జతకి 50 ఓమ్ టెర్మినేషన్ (లైన్ చివర రెసిస్టర్) పెడితే సేఫ్.

ఈ తప్పు నేనే చేశాను. నాలుగు లేన్ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డులు తగిలించే) పోర్టుకి ఒక్క లేన్ కార్డు పెట్టాం. మిగతా మూడు ట్రాన్స్‌మిట్ జతలకీ 220 నానోఫారడ్ కెపాసిటర్లు, వాటి తర్వాత గ్రౌండ్‌కి 50 ఓమ్ రెసిస్టర్లు వేశాను. లైన్ ఎప్పుడూ టెర్మినేట్ అయి ఉండాలని చదువుకున్నాం కదా. ఫ్యాక్టరీ షెడ్డులో పవర్ ఇస్తే కార్డు కనపడలేదు. రెండు రోజులు డ్రైవర్లనే అనుమానించాం. చివరికి స్కోప్ (సిగ్నల్‌ని తెర మీద చూపించే పరికరం) పెట్టి చూస్తే, ఏమీ ఉండకూడని ఆ మూడు లేన్ల మీద ఒకే ప్యాటర్న్ మళ్లీ మళ్లీ వస్తోంది.

జరిగింది ఇది. పవర్ రాగానే ట్రాన్స్‌మిటర్ అవతల ఎవరైనా ఉన్నారా అని తడిమి చూస్తుంది. లైన్ వోల్టేజీని కాస్త కదిపి, అది ఎంత సేపట్లో మారుతుందో గమనిస్తుంది. అవతల రిసీవర్ ఉంటే మధ్యలో ఉన్న కెపాసిటర్ ఛార్జ్ కావాలి కాబట్టి మెల్లగా మారుతుంది. ఎవరూ లేకపోతే చటుక్కున మారిపోతుంది. నేను పెట్టిన కెపాసిటర్, రెసిస్టర్ దానికి అచ్చం రిసీవర్‌లాగే కనిపించాయి. పలకరించింది, జవాబు రాలేదు. టెస్ట్ పరికరం తగిలించారని అనుకుని కంప్లయన్స్ మోడ్‌లోకి వెళ్లి టెస్ట్ ప్యాటర్న్ పంపుతూ ఉండిపోయింది. సోల్డరింగ్ ఐరన్‌తో ఆ ఆరు రెసిస్టర్లూ పీకేశాక లింక్ లేచింది. వాడని ట్రాన్స్‌మిట్ పిన్నుని ఊరికే వదిలేయడమే సరైన పని.

అపోహ: ఏ పిన్నునీ తేలేలా (దేనికీ కలపకుండా) వదలకూడదు. అన్నిటికీ పుల్‌అప్ (సప్లైకి కలిపే రెసిస్టర్) పెట్టాలి.

కాలేజీలో సీమాస్ గేట్ల (మామూలు డిజిటల్ సర్క్యూట్ల) గురించి చెప్పిన పాఠం ఇది. అక్కడ నిజమే. సెర్‌డెస్ (హైస్పీడ్ లేన్‌ని నడిపే సర్క్యూట్) పిన్ను అలాంటి గేటు కాదు. ఇక్కడ ట్రాన్స్‌మిట్, రిసీవ్ రెండింటినీ వేరువేరుగా ఆలోచించాలి. తేలుతున్న రిసీవర్ పక్క లైన్ల నాయిస్‌నే పెద్దది చేసుకుని, అందులో క్లాక్ వెతుక్కుంటుంది. సిగ్నల్ ఉందని ఒకసారి, లేదని ఒకసారి చెబుతుంది. అందుకే జైలింక్స్ కంపెనీ 7 సిరీస్ చిప్‌లలో వాడని రిసీవ్ పిన్నులు గ్రౌండ్‌కి కలపమంటారు, ట్రాన్స్‌మిట్ పిన్నులు వదిలేయమంటారు. రిసీవ్ పిన్నులు కూడా వదిలేయమనే చిప్‌లున్నాయి. ఒక చిప్ రూల్ ఇంకో చిప్‌కి కాపీ కొట్టొద్దు. ఆ చిప్ డేటాషీట్ తెరవాల్సిందే.

అపోహ: క్వాడ్ (నాలుగు లేన్ల గుంపు) మొత్తం వాడటం లేదు, దాని సప్లై గ్రౌండ్ చేసేయొచ్చు.

చాలాసార్లు చేయొచ్చు. కానీ అదే 7 సిరీస్‌లో 100 ఓమ్ క్యాలిబ్రేషన్ (విలువలు సరిచూసుకునే) రెసిస్టర్ ఒక క్వాడ్ దగ్గరే ఉంటుంది. వరుసలో ఉన్న మిగతా క్వాడ్‌లు కూడా దాని మీదే ఆధారపడతాయి. దానికి పవర్ తీసేస్తే మీరు వాడే లేన్లే దెబ్బతింటాయి.

అపోహ: రేపు పనికొస్తుందని వాడని లేన్‌ని టెస్ట్‌పాయింట్ దాకా లాగి ఉంచితే మంచిది.

ఇది వినగానే నాకు టెన్షన్ వస్తుంది. సెకనుకి 8 గిగాట్రాన్స్‌ఫర్ల లేన్‌లో ప్రధాన ఫ్రీక్వెన్సీ 4 గిగాహెర్ట్జ్. ఎఫ్‌ఆర్4 (మామూలు గ్లాస్ ఫైబర్) బోర్డులో సిగ్నల్ నానోసెకనుకి దాదాపు 15 సెంటీమీటర్లు పోతుంది. అంటే తరంగదైర్ఘ్యం నాలుగు సెంటీమీటర్లకి లోపే, అందులో పావు వంతు 9 మిల్లీమీటర్లు. వేలి గోరంత తీగ ముక్క చాలు, పక్క లేన్ల శక్తిని పట్టి రెజొనేట్ కావడానికి. కనెక్టర్ దాకా తీసుకెళ్లాల్సిన అవసరం నిజంగా ఉంటే పూర్తి లేన్‌గానే, ఇంపెడెన్స్ చూసుకుని, గీయండి. లేదంటే పిన్ను దగ్గరే ఆపేయండి.

అపోహ: నాలుగు లేన్లలో ఏది వాడినా ఒకటే.

కాదు. ఒక్క లేన్ కార్డుకి లేన్ 0 కలపాలి. ప్లస్, మైనస్ తారుమారైతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ రిసీవర్ సర్దుకుంటుంది. లేన్ల వరుస తిరగేసినా పని చేయడమనేది చిప్‌ని బట్టి ఉంటుంది.

అపోహ: వాడని లేన్ ఎన్నేళ్లయినా కొత్తదిలాగే ఉంటుంది.

ఆర్రియా 10 లాంటి చిప్‌లలో క్లాక్ ఆడకుండా ఏళ్ల తరబడి ఊరికే ఉన్న ఛానల్ పనితీరు తగ్గుతుందని తయారీదారే చెబుతాడు. దాన్ని కాపాడటానికి ఆ చిప్‌ల డిజైన్ సాఫ్ట్‌వేర్ క్వార్టస్‌లో ఒక సెట్టింగ్ ఉంది. కొంచెం కరెంటు ఎక్కువ తింటుంది, అంతే. రెండేళ్ల తర్వాత రెండో కెమెరా పెడతానని కస్టమర్ అన్నాడంటే, మొదటి బోర్డు పంపేటప్పుడే ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.