కొండ నీళ్ల తొందర

విశాఖ మధురవాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "ఇరవై ఏళ్లుగా ఇదే ఇంట్లో ఉంటున్నాం. ఎన్నడూ గుమ్మం దాటని నీళ్లు ఇప్పుడు వంటింట్లోకి వస్తున్నాయి. ఎగువన అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్లు కాలువ కూడా పెద్దది వేశారు కదండీ, మరి ఎందుకిలా?"

వాన చుక్క కూడా పెరగక్కర్లేదు, ఇలా జరగొచ్చు. ఆ పెద్ద కాలువే ఒక కారణం కావచ్చు కూడా. ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరని సంగతి ఇది.

సింహాచలం గిరి ప్రదక్షిణ తలుచుకోండి. 32 కిలోమీటర్లు, లక్షల మంది. అయినా దారి సరిపోతుంది. ఎందుకంటే ఒకరు మధ్యాహ్నం బయల్దేరితే ఇంకొకరు రాత్రి కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. పెద్దవాళ్లు హనుమంతవాకలో కాసేపు కూలబడతారు. కుర్రాళ్లు అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునుగుతారు. మజ్జిగ ఇచ్చేచోట అందరూ ఆగుతారు. కాళ్లు లాగినవాళ్లు మధ్యలోనే ఇంటికెళ్లిపోతారు. ఇదే జనాన్ని ఒక్క నిమిషంలో బస్సులెక్కించి, ఎక్కడా ఆపకుండా పంపామనుకోండి. మనుషులు అంతమందే, కానీ గోపాలపట్నంలో ఇసకేస్తే రాలదు.

కొండవాలు మీద తుప్పలు, రాలిన ఆకులు, చిన్న చిన్న గుంటలే వాన నీటికి మజ్జిగ పందిళ్లు. ఎర్రమట్టిలో ఇంకిన చినుకు మధ్యలో ఇంటికెళ్లిన భక్తుడు. స్లాబు, సిమెంటు రోడ్డు, నున్నటి కాలువ బస్సులన్నమాట. గెడ్డకు, అంటే కొండవాగుకు, రెండువైపులా గోడ కట్టి తిన్నగా చేస్తే బస్సుకి హైవే దొరికినట్టే. ఎగువ వీధి ఖాళీ అయినంత వేగంగా దిగువ వీధి నిండుతుంది.

ఇంజనీర్లకు దీనికో పాత సూత్రం ఉంది: పారే భాగం, వాన తీవ్రత, విస్తీర్ణం, మూడింటినీ గుణించాలి. పది హెక్టార్ల వాలు తీసుకుందాం. పచ్చగా ఉన్నప్పుడు పడినదాంట్లో 0.3 వంతు పారుతుందనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల వానకి సెకనుకు సుమారు 417 లీటర్లు. కాంక్రీటు వేశాక 0.85 వంతు పారితే 1,180 లీటర్లు. అక్కడితో అయిపోలేదు. మొదట్లో వాలు మొత్తం నీరు కిందికి చేరడానికి 40 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 15 చాలు. అదే వానలో బాగా దంచిన 15 నిమిషాలు మొత్తం 40 నిమిషాల సగటు కంటే తీవ్రంగానే ఉంటాయి. ఆ 15 నిమిషాలూ గంటకు 90 మిల్లీమీటర్ల లెక్కన పడితే సెకనుకు 2,125 లీటర్లు. అయిదు రెట్లు! పారే భాగం పెరిగినందుకు దాదాపు మూడు రెట్లు, నీళ్లు తొందరగా చేరినందుకు దాని మీద ఇంకో 1.8 రెట్లు.

ఇంకో సంగతి గ్రావెల్. కొత్త ఇల్లు కట్టేవాళ్లు గ్రావెల్ పోసి స్థలాన్ని రోడ్డు కంటే మూడడుగులు ఎత్తు లేపుతారు. వాళ్ల స్థలంలో నిలిచే నీరు పక్కింటి పాత పెంకుటింటికి పోతుంది. కొందరు ఈశాన్యం పల్లం ఉండాలని కొండవాలుకి అడ్డంగా మట్టి పోయిస్తారు. వాస్తు మీద నమ్మకం వాళ్లిష్టం, నీటికి మాత్రం వాలు ఒక్కటే తెలుసు.

అందుకే నేను కాలువలు వెడల్పు చెయ్యమని కాదు, నీళ్లను పైనే కాసేపు ఆపమని అడుగుతాను. అపార్ట్‌మెంటు కింద ఒక తొట్టె, దాని అడుగున చిన్న కన్నం. వాన వెలిశాక కూడా గంటసేపు సన్నగా కారుతూ ఉంటే చాలు.

అమ్మా, వచ్చే వానకి గడియారం చూడండి. ఊపందుకున్న ఎన్ని నిమిషాలకి మీ వీధిలో నీళ్లు లేస్తున్నాయో, ప్రతిసారీ తేదీ వేసి రాయండి. ఆ కాగితం పట్టుకుని మీ వార్డులో ఇంజనీరుని కలవండి.